అడ్డంగా దాటేవారి లెక్క

ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెట్టి తడ దగ్గర బయటికి వెళ్లే పెద్ద రోడ్డుకు పేర్లు చాలా మారాయి. మద్రాసును కలకత్తాతో కలపడానికి దొరల కాలంలో వేసిన ట్రంక్ రోడ్డు అది. నెల్లూరు, కావలి, ఒంగోలు ఊళ్ల నడిబొడ్డున ఆ పేరు ఇంకా చెలామణిలో ఉంది. స్వతంత్రం వచ్చాక ఐదో నంబరు జాతీయ రహదారి అయింది, 2010లో నంబర్లు మార్చినప్పుడు పదహారో నంబరైంది. వాజపేయి హయాంలో మొదలైన స్వర్ణ చతుర్భుజిలో నాలుగు వరసలకు ఎదిగింది, ఇప్పుడు ముక్కలు ముక్కలుగా ఆరు వరసలవుతోంది. దాంతోపాటు కూడళ్ల మీద ఫ్లైఓవర్లు, ఊళ్ల చుట్టూ బైపాస్‌లు, నదుల మీద కొత్త వంతెనలు, ఎక్స్‌ప్రెస్‌వేలు వచ్చి కలిసే చోట ఇంటర్‌చేంజ్‌లు లేస్తున్నాయి. ఈ పనులు అవసరమా అని అడిగేవారు లేరు. ఎవరిని చూసి కడుతున్నాం, ఏది ముందు కడుతున్నాం అన్న దగ్గరే పేచీ. ఆ పేచీని ఇక్కడ ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకరు రోడ్లు వేయించి రిటైరైన ఇంజినీరు, రెండోవారు హైవే పక్క ఊళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఇద్దరూ కల్పితులే. నా మొగ్గు మాస్టారి వైపని ముందే చెప్పేస్తున్నాను. అందుకే ఇంజినీరుకు నాకు చేతనైనంతలో గట్టి మాటలే ఇచ్చాను. పేలవమైన ప్రత్యర్థిని నిలబెట్టి ఓడించడంలో సరదా ఏముంది?

ఇంజినీరు: మాస్టారూ, మీరు లెక్కల మనిషి కాబట్టి ప్రాణాల లెక్కతోనే మొదలుపెడతాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 61,038 మంది పోయింది జాతీయ రహదారుల మీదే. దేశంలోని రోడ్లన్నీ కలిపి కొలిస్తే జాతీయ రహదారుల పొడవు నూటికి రెండు పాళ్ల చిల్లర, చావుల్లో వాటి వాటా మాత్రం ముప్పై ఆరు పాళ్లు. కారణం కళ్ల ముందే ఉంది. దూసుకొచ్చే కారును, వరిగడ్డి వేసుకుని మెల్లగా కదిలే ట్రాక్టరును, బడికి పోయే పిల్లలను ఒకే మట్టం మీద, ఒకే కూడలిలో కలిపాం. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో ఒక బండి దారి మరో బండి దారిని తాకే బిందువులు ముప్పై రెండని మా పాఠ్యపుస్తకాల్లో మొదటి పాఠంలోనే ఉంటుంది. వాటిలో పదహారు నేరుగా కోసుకునేవి, ప్రాణాలు తీసేవి అవే. ఫ్లైఓవర్ వేస్తే హైవే మీద సూటిగా పోయేవాళ్లు ఆ లెక్కలోంచి తప్పుకుంటారు. పూర్తి ఇంటర్‌చేంజ్ కడితే కోసుకోవడమనేదే ఉండదు, పక్కనుంచి కలవడం, పక్కకు విడిపోవడం మాత్రమే మిగులుతాయి. కనుక ఫ్లైఓవరును ఆడంబరమనకండి. అది అన్నిటికంటే ముందు ప్రాణరక్షణ.

మాస్టారు: ఆడంబరమని నేనననండీ. కానీ ఈ ముప్పై రెండు బిందువులు నిన్నగాక మొన్న కనిపెట్టినవి కావు కదా! రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం, తణుకు మీదుగా గుండుగొలను దాకా పోయే పాత ఐదో నంబరు రోడ్డునే తీసుకోండి. దేవరపల్లి మీదుగా కొత్త దారి పడ్డాక దానికి 216ఏ అని పేరు పెట్టారు. దాని మీద మోరంపూడి, జొన్నాడ, ఉండ్రాజవరం, తేతలి, కైకరం కూడళ్లలో ఐదు ఫ్లైఓవర్లకు శంకుస్థాపన జరిగింది 2022 సెప్టెంబరులో. నాలుగు వరసలు పడి అప్పటికి ఎన్నేళ్లయింది? ఆ ఐదు చోట్లా జనం దాటుతారని, అక్కడ పొలాలూ ఊళ్లూ రోడ్డుకు రెండు వైపులా ఉన్నాయని మొదట్లో తెలియదా? తెలుసు. అయినా వేగం ముందొచ్చింది, దాటే దారి రెండు దశాబ్దాలు ఆగి వచ్చింది. ఫ్లైఓవర్ మీద నాకేమీ పగ లేదు, ఇంజినీరు గారూ. నేను అడిగేది వరుస గురించి.

ఇంజినీరు: వరుసను తేల్చేది డబ్బు. అప్పట్లో ప్రతి కూడలికీ ఫ్లైఓవర్ రాస్తే నాలుగు వరసలే వచ్చేవి కావు, జనం రెండు వరసల రోడ్డు మీద ఎదురెదురుగా ఢీకొని చస్తూనే ఉండేవారు. ఉన్న డబ్బుకు ఎక్కడ ఎక్కువ మేలు జరుగుతుందో అక్కడ కట్టాలి. ఆ మేలును కొలవడానికి మాకొక తూకం ఉంది, వాహనాలన్నిటినీ కార్ల కింద మార్చి లెక్కేస్తాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన పట్టిక ప్రకారం కారు ఒకటి, మోటారు సైకిలు అర, సైకిలు అర, లారీ మూడు, ట్రక్కుతో ఉన్న ట్రాక్టరు నాలుగున్నర, ఎడ్లబండి ఎనిమిది. ఈ మొత్తం ఎంత దాటితే ఎన్ని వరసలు, ఎంత దాటితే ఫ్లైఓవర్ అని చూస్తాం. ఎమ్మెల్యే గారి ఒత్తిడికో, ధర్నాకో లొంగి కట్టడం కన్నా ఇది న్యాయం కాదా?

మాస్టారు: ఎడ్లబండికి ఎనిమిదిచ్చారు, సంతోషం. నడిచే మనిషికి ఎంత?

ఇంజినీరు: ఆ పట్టికలో లేదు. నడిచేవారికి వేరే సూత్రం ఉంది. రద్దీ గంటలో దాటే మనుషుల సంఖ్యను వాహనాల సంఖ్య వర్గంతో హెచ్చవేస్తాం. డివైడర్ ఉన్న రోడ్డు మీద ఆ లబ్ధం ఇరవై కోట్లు దాటితే అక్కడ దాటేందుకు ప్రత్యేక ఏర్పాటు కావాలని అర్థం. మీరనుకున్నంత రాతిగుండె శాస్త్రం కాదు మాది.

మాస్టారు: సూత్రం బాగానే ఉంది. దానిలో పోసే అంకె దగ్గరే మోసం ఉంది. రోడ్డు భయంకరమైన కొద్దీ దాటే మనుషులు తగ్గుతారు. హైవే అవతలి పొలాన్ని కౌలుకిచ్చేసిన రైతు, అవతలి బడి మాన్పించి ఇవతలి బడిలో పిల్లను చేర్చిన తల్లి, సంతకు పోవడం మానేసిన ముసలమ్మ మీ సర్వేకు కనబడతారా? క్లిక్కరు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డ కుర్రాడు దాటినవారినే లెక్కపెడతాడు, దాటలేక మానుకున్నవారిని ఎలా లెక్కపెడతాడు? దాంతో చిత్రమైన ఫలితం వస్తుంది. ఏ చోట రోడ్డు ఊరిని పూర్తిగా రెండు చేసిందో ఆ చోటే దాటే దారి అక్కర్లేదని మీ సూత్రం చెబుతుంది. పొడుగునా పోయే వాహనాలకు మాత్రం ఎదురు లెక్క. రోడ్డు వెడల్పు చేస్తే కొత్త వాహనాలు వస్తాయి, ఆ పెరుగుదలను ఇరవై ముప్పై ఏళ్ల ముందుకు అంచనా కట్టి మరీ ఆరు వరసలు అడుగుతారు. పొడుగుకు రేపటి లెక్క, అడ్డానికి ఇవాళ్టి లెక్క. ఒకే రోడ్డుకు రెండు తూనికరాళ్లు పెట్టారు మీరు.

ఇంజినీరు గారు ఇక్కడ కాసేపు ఆగవలసిందే. సర్వేలో కనిపించని గిరాకీని ఎలా లెక్క కట్టాలి అన్న ప్రశ్నకు ఆయన వృత్తిలో జవాబు లేకపోలేదు. ఆ జవాబు నదుల దగ్గర ఉంది, రోడ్ల దగ్గర లేదు. అందుకే ఆయన సంభాషణను నది మీదకు మళ్లిస్తారు.

ఇంజినీరు: ఒక మాట ఒప్పుకుంటాను. పంటు మీద దాటేవారిని లెక్కపెట్టి గోదావరి మీద వంతెన కట్టి ఉంటే ఎప్పటికీ కట్టేవాళ్లం కాదు. యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి పేరున ఉన్న వారధి గానీ, దివిసీమను రేపల్లె వైపుతో కలిపిన పులిగడ్డ–పెనుమూడి వంతెన గానీ అంతే. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, మచిలీపట్నం, బాపట్ల మీదుగా ఒంగోలు దాకా 216 నంబరు రహదారి ఒక దారిగా నిలబడిందంటే ఇలాంటి వంతెనల వల్లే. వంతెన వచ్చాకే జనం దాటడం మొదలుపెడతారు. కానీ మాస్టారూ, అదే న్యాయం పెద్ద రోడ్డుకూ వర్తిస్తుంది. స్వర్ణ చతుర్భుజి వల్ల ఏం ఒరిగిందని ఘనీ, గోస్వామి, కెర్ అనే ఆర్థికవేత్తలు జిల్లాల వారీగా ఫ్యాక్టరీల లెక్కలు తీశారు. రోడ్డుకు పది కిలోమీటర్ల లోపున్న జిల్లాల్లో పరిశ్రమల ఉత్పత్తి బాగా పెరిగిందని తేల్చారు. కృష్ణపట్నం, విశాఖ, గంగవరం రేవులకు సరుకు పోయేది ఈ రోడ్డు మీదే, భీమవరం రొయ్యకు, నెల్లూరు రొయ్యకు గంట ఆలస్యమైతే ఐసు ఖర్చు పెరిగేదీ ఈ రోడ్డు మీదే. పొడుగునా పోయే దారిని చులకన చేస్తే నష్టపోయేది ఆ పక్క ఊళ్ల రైతే.

మాస్టారు: ఆ అధ్యయనంలో రెండో సగం మీరు చెప్పలేదు. పది కిలోమీటర్లు దాటి యాభై కిలోమీటర్ల లోపున్న జిల్లాల్లో అలాంటి పెరుగుదల కనబడలేదని కూడా వారే రాశారు. అంటే ఏమిటి? రోడ్డు తన మేలును తన పక్కనే దాచుకుంటుంది. నలభై కిలోమీటర్ల దూరపు మండలానికి ఆ మేలు చేరాలంటే మరో రెండు వరసలు వేసి లాభం లేదు. ఆ మండలం రోడ్డు హైవేను కలిసే కూడలి సాఫీగా ఉండాలి, ఆ రోడ్డు అవతలికి తెగకుండా సాగాలి. మీరు తెచ్చిన సాక్ష్యం నా తరఫున సాక్ష్యం చెబుతోంది. రొయ్య సంగతీ అంతే. చెరువు దగ్గర్నుంచి హైవే ఎక్కేదాకా పడే గతుకులూ, కూడలిలో మలుపు కోసం నిలబడే నిమిషాలూ ఐసు కరిగించవా?

ఇంజినీరు: అయినా మీరొక విషయం దాటవేస్తున్నారు. దాటే దారులు ఎక్కువ పెట్టినకొద్దీ హైవే హైవే కాకుండా పోతుంది. ఊరికో గండి, పెట్రోలు బంకుకో గండి, కల్యాణ మంటపానికో గండి అని డివైడర్ కొట్టించుకుంటూ పోతే ప్రతి గండీ ఒక శ్మశానానికి దారి. రాంగ్ రూట్‌లో వచ్చే మోటారు సైకిళ్ల వల్ల పోయే ప్రాణాలెన్ని? ఎవరైనా ఎక్కడైనా ఎక్కి దిగే రోడ్డు సురక్షితం కాదు. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

మాస్టారు: తగ్గొద్దు. గండ్లన్నీ మూసేయాల్సిందే, మీతో ఏకీభవిస్తున్నాను. కానీ గండి మూసిన రోజునే దాని బదులు దారి ఉండాలి. నీరు పల్లమెరుగు అన్నట్టు మనిషి దగ్గర దారి ఎరుగు. అవతల వంద గజాల్లో ఉన్న ఇంటికి పోవడానికి రెండు కిలోమీటర్లు పోయి యూ టర్న్ తీసుకుని రమ్మంటే, లీటరు పెట్రోలు ధర తెలిసిన వాడెవడూ రాడు. రాంగ్ రూట్‌లో వస్తాడు. అతని తప్పు ఉంది, కాదనను. కాని తప్పు చేయక తప్పని చోట అతన్ని నిలబెట్టింది డ్రాయింగు. రెండు పక్కలా తెగకుండా సాగే సర్వీసు రోడ్లు, కోత యంత్రం పట్టే ఎత్తులో అండర్‌పాస్‌లు ముందు పూర్తిచేసి, ఆ తర్వాత గండ్లు మూసి, ఆ తర్వాతే ఐదో వరస, ఆరో వరస వేయండి. అండర్‌పాస్ అంటే గుర్తొచ్చింది. నేలను తవ్వి దించిన అండర్‌పాస్‌లో వాన పడితే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. వానాకాలమంతా పనికిరాని దారిని దారి అనకూడదు.

ఇంజినీరు: మంచిది, మరి ఊళ్లను తప్పించి బైపాస్ వేస్తే మీ బాధ తీరుతుందిగా? అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా ఆనందపురానికి యాభై కిలోమీటర్ల ఆరు వరసల దారి వేశాం. విశాఖతో పనిలేని లారీ ఇప్పుడు గాజువాక, ఎన్ఏడీ కొత్తరోడ్డు, మద్దిలపాలెం, హనుమంతవాక తొక్కక్కర్లేదు. బెజవాడకు పడమటి వైపున చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కాజ దాకా, కృష్ణ మీద మూడు కిలోమీటర్లు దాటిన వంతెనతో మరో బైపాస్ కట్టాం.

మాస్టారు: మంచి పనులే. అయితే బైపాస్ బైపాస్‌గా ఎన్నాళ్లుంటుంది? ఒకప్పుడు బెజవాడకు అంచు అనుకున్న బెంజి సర్కిల్ ఇవాళ నగరానికి నడిమధ్య. అక్కడ ఒక ఫ్లైఓవర్ 2020లో, రెండోది 2021లో వాడుకలోకి వచ్చాయి. బైపాస్ పడగానే దాని రెండు పక్కలా లేఅవుట్ల రాళ్లు లేస్తాయి, ఆ వెనకే కాలేజీ, ఆ వెనకే ధాబా. పదిహేనేళ్లకు బైపాస్‌కు బైపాస్ కావాలి. విశాఖ నగరంలో నేల మీద రోడ్డు, దాని మీద వంతెన, ఆ పైన మెట్రో అని రెండంతస్తుల ప్రతిపాదన దాకా వచ్చింది వ్యవహారం. బైపాస్ వేసే రోజునే దాని కింద నుంచి పోయే దారులకు స్థలం వదిలి, పక్క లేఅవుట్లకు హైవే మీదకు తలుపు లేకుండా పంచాయతీల చేత కట్టడి చేయిస్తే ఆ ఖర్చు తప్పుతుంది. ఆ కట్టడి రోడ్ల శాఖ చేతిలో లేదంటారు. చేతిలో లేని దాన్ని డీపీఆర్ అనే ప్రాజెక్టు నివేదికలో కనీసం అక్షరాల్లోనైనా రాయాలి కదా.

ఇంజినీరు: రాస్తాం, అమలే సమస్య. ఇక గోడ సంగతి కూడా మీరే ఎత్తుతారు గనుక నేనే ముందు చెప్తాను. ఊళ్లలో ఫ్లైఓవరంటే రెండు పక్కలా సిమెంటు పలకలు పేర్చి, మధ్యలో మట్టి నింపి లేపుతాం. స్తంభాల మీద కట్టమని ప్రతి ఊళ్లోనూ ధర్నా. స్తంభాల మీద కడితే ఖర్చు ఎన్నో రెట్లు. ఒక్క ఊరికి ఆ ముచ్చట తీరిస్తే నాలుగు ఊళ్లకు అసలు ఫ్లైఓవరే ఉండదు. పైగా స్తంభాల కింద మిగిలే స్థలం ఏమవుతుందో చూస్తున్నాం, చెత్తకుప్ప, బండ్ల పార్కింగు.

మాస్టారు: ధర్నా చేసేది ముచ్చట కోసం కాదు. గోడ లేచిన రోజు నుంచి ఇవతలి అంగడికి అవతలి గిరాకీ రాదు, ఎత్తైన మట్టి కట్ట ఊరి మధ్య కోటగోడలా నిలుస్తుంది. మీరన్న ఖర్చు తేడా నిజమే. కానీ ఆ తేడా మాయమైపోదు, ప్రభుత్వ ఖాతాలోంచి ఊరివాళ్ల ఖాతాలోకి మారుతుంది, అంతే. ప్రతి ఊరికీ పొడుగంతా స్తంభాలు వేయమని నేనూ అడగను. బజారు ఉన్న వంద, రెండు వందల మీటర్ల మేర స్తంభాలు వేసి, అటూ ఇటూ మట్టి కట్టండి. అసలు గోడ మాట మనుషులతోనే అయిపోలేదు, నీళ్ల మాట ఉంది. ఈ రోడ్డు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. మన నీళ్లన్నీ పడమటి నుంచి తూర్పుకు. బాహుదా, వంశధార, నాగావళి, గోస్తని, శారద, తాండవ, ఏలేరు, గోదావరి, తమ్మిలేరు, బుడమేరు, కృష్ణ, గుండ్లకమ్మ, మన్నేరు, పెన్నా, స్వర్ణముఖి, కాళంగి, ఇవి గాక పేరు లేని వాగులు, మురుగు కాలువలు ఎన్నో. ఈ కోస్తాలో హైవే గట్టు అంటే సముద్రానికీ నీళ్లకూ మధ్య వెయ్యి కిలోమీటర్ల కట్ట. దాన్ని ఆరు వరసలకు వెడల్పు చేసి, ఎత్తు పెంచి, పాత తూములనే రెండు పక్కలా కాస్త పొడిగించి ఊరుకుంటే నీరెటు పోవాలి?

ఇంజినీరు: నది వంతెనలకు నూరేళ్లలో ఒకసారి వచ్చే వరదను లెక్కలోకి తీసుకుంటాం. గుడ్డిగా కట్టం.

మాస్టారు: నది వంతెన నిలబడుతుంది, దాన్ని చేరే గట్టు పోతుంది. 2021 నవంబరులో పెన్నాకు వరదొచ్చినప్పుడు నెల్లూరు దగ్గర పడుగుపాడు వైపున రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, పదహారో నంబరు రోడ్డు కూడా తెగి రాకపోకలు ఆగాయి. 2024 సెప్టెంబరు మొదటి రోజున మున్నేటి నీళ్లు ఐతవరం దగ్గర హైదరాబాదు–విజయవాడ రోడ్డును ఆపేశాయి. వంతెన పొడవు నది వెడల్పుకు సరిపోతే చాలదు, వరద నాటి నది వెడల్పుకు సరిపోవాలి. గట్టులో అదనంగా నాలుగు ఖానాలు వదిలిన చోట రైతు పొలం మునగదు, మీ రోడ్డూ తెగదు. మనిషి దాటడానికి అడిగిన ఖానాలోంచే అవసరానికి నీరు కూడా దాటుతుంది. అదీ నా వాదన అంతా. కొరిశపాడు దగ్గర యుద్ధవిమానాలు దిగడానికి ఇదే రోడ్డు మీద నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రన్‌వే కట్టారు, 2022 డిసెంబరులో వాయుసేన పరీక్షించింది కూడా. ఏళ్లకొకసారి ఆకాశం నుంచి దిగేదానికి చోటిచ్చినవారు, రోజూ నేల మీద దాటేదానికి ఇవ్వలేరా?

ఇంజినీరు: విమానం మాట బాగా తగిలించారు. సరే, సర్వీసు రోడ్లూ అండర్‌పాస్‌లూ ముందు, అదనపు వరసలు తర్వాత అనే వరుసకు నేను ఒప్పుకుంటాను. టెండరులో పని దశలను అలాగే రాయవచ్చు, కష్టమేమీ కాదు. దాటలేక మానుకున్నవారి సర్వే కూడా చేయవచ్చు, రోడ్డు పక్కన నిలబడి కాదు, ఇంటింటికీ వెళ్లి. స్తంభాల విషయంలో మాత్రం ఊరూరా బేరం కుదరదు, బజారు ఉన్నచోటే. మీరూ మీ వాళ్లతో ఒక మాట చెప్పండి. సర్వే వేళ ఎవరూ రారు, రోడ్డు పడ్డాక అందరూ టెంటు వేస్తారు.

మాస్టారు: సర్వే ఎప్పుడు జరిగిందో ఊరికి తెలిస్తే కదండీ రావడానికి!

ఇంజినీరు గారి ఆరోపణలోనూ నిజం ఉంది, మాస్టారి జవాబులోనూ నిజం ఉంది, కానీ చట్టం మాస్టారి జవాబుకే దగ్గరగా ఉంది. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం భూమి తీసుకోబోతున్నామని 3ఏ సెక్షను కింద ప్రకటన వెలువడ్డాక, అభ్యంతరం చెప్పడానికి 3సీ సెక్షను ఇచ్చే గడువు 21 రోజులు. ఆ సెక్షను కింద అభ్యంతరం చెప్పే హక్కు ఆ భూమిలో హక్కు ఉన్నవారికే. ఆ రోడ్డును రోజూ దాటేవారి ప్రస్తావన అందులో లేదు.